టికెట్ మూసే ముందు ఆ రీడింగ్ రాయండి

సంపాదకుడు గారికి,

ఇంట్లో నెట్ పోయిందని కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే ముందు తెలుగు కోసం ఏదో ఒక నంబరు నొక్కమంటారు. నొక్కాక పాట వినిపిస్తారు. పాట అయ్యాక ఎవరికైనా ఒకటే మాట: ‘రౌటర్ ఆపేసి రెండు నిమిషాలాగి ఆన్ చేయండి.’ పెట్టె మీద ఎల్‌ఓఎస్ అని రాసి ఉన్నచోట ఎర్రలైటు కొట్టుకుంటున్నా ఇదే మాట. ఫైబర్‌లోంచి వెలుతురు రావడం లేదనే ఆ లైటు చెబుతోంది. వీధిలో తెగిన తీగ ఇంట్లో స్విచ్ ఆపి వేసినంత మాత్రాన అతుక్కోదు కదా.

ఈ ఉత్తరంలో అడుగుతున్నది ఒక్కటే. ఫిర్యాదు టికెట్ మూసే ముందు ఆ ఇంటి దగ్గర వెలుతురు ఎంత వస్తోందో టికెట్ మీద రాయాలి. అదే అంకె మెసేజీగా వినియోగదారు ఫోన్‌కు వెళ్లాలి. ఇందుకోసం కంపెనీలు కొత్త యంత్రమేదీ కొననక్కర్లేదు. ఆ అంకె ఇప్పటికే వాళ్ల స్క్రీన్ మీద ఉంది.

ఎలాగంటే, ఇప్పుడు మన ఊళ్లలో ఇంటింటికీ వస్తున్న ఫైబర్ ఎక్కువ శాతం జీపాన్ పద్ధతిది. కంపెనీ గదిలో ఓఎల్‌టీ అనే యంత్రం ఉంటుంది. దాని ఒక్కో పోర్టు నుంచి బయల్దేరిన ఒకే ఫైబర్‌ను దారిలో స్ప్లిటర్లతో చీల్చి 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. మీ ఇంట్లో ఫైబర్ వచ్చి చేరే ఓఎన్‌టీ పెట్టెలో (చాలా ఇళ్లలో రౌటర్ కూడా అదే) కరెంటు పోతే, అది పూర్తిగా ఆరిపోయేలోపు, లోపల మిగిలిన కాస్త కరెంటుతో ఓఎల్‌టీకి ఒక కబురు పంపుతుంది. ఇంజినీర్లు దాన్ని డైయింగ్ గ్యాస్ప్ అంటారు, చివరి గుక్క అన్నమాట. ఆ కబురు వచ్చి పెట్టె ఆగిపోతే కరెంటు పోయినట్టు. కబురు రాకుండా వెలుతురు మాయమైతే ఫైబర్ తెగినట్టు. ఒకే పోర్టు మీది నలభై ఇళ్లు ఒకే నిమిషంలో పోతే తెగింది మీ ఇంటి తీగ కాదు, వీధి చివరి పెద్ద కేబుల్. ఇదంతా రికార్డయి ఉండగా ‘మీ ఇంట్లో కరెంటు ఉందా అండీ’ అని అడగడం ఎందుకో అర్థం కాదు. ఫోన్ ఎత్తే మనిషికి ఆ స్క్రీన్ చూపించరు, అంతే.

తెగిపోతే కనీసం తెలుస్తుంది. అసలు ఏడిపించేది సగం చచ్చిన లైను. పొద్దున బాగుంటుంది, మధ్యాహ్నం ఎండకు పోతుంది, సాయంత్రం వస్తుంది, చినుకు పడితే మళ్లీ పోతుంది. టెక్నీషియన్ వచ్చే వేళకు మాత్రం శుభ్రంగా పనిచేస్తుంది. ఈ జబ్బు బయటపడాలంటే రీడింగ్ కావాలి.

వెలుతురును డీబీఎం అనే కొలతలో కొలుస్తారు. ఇంటి దగ్గర ఎప్పుడూ మైనస్‌లోనే ఉంటుంది. మైనస్ 18 అంటే బాగుంది, మైనస్ 24 అంటే పర్వాలేదు. మామూలు ఓఎన్‌టీకి హద్దు మైనస్ 27. 3 డెసిబెల్స్ (డీబీఎంలో తేడాను ఇలా చెబుతారు) తగ్గిందంటే వెలుతురు సగమైనట్టు. ఒక వీధి లెక్క వేసి చూద్దాం. ఓఎల్‌టీ దగ్గర ప్లస్ 3తో బయల్దేరింది. ఎనిమిదికి చీల్చే స్ప్లిటర్ ఒక్కొక్కటి దాదాపు 10.5 తినేస్తుంది. రెండు దశల్లో చీలిస్తే 64 ఇళ్లకు 21 పోయింది. అయిదు కిలోమీటర్ల కేబుల్‌లో ఒకటింబావు, నాలుగు జాయింట్లలో ఒకటిన్నర. ఇంటికొచ్చేసరికి సుమారు మైనస్ 21 ఉండాలి. అంటే మర్యాదగా వేసిన లైనుకు ఇంకా 6 డెసిబెల్స్ మిగులు ఉంటుంది.

ఆ మిగులు ఎక్కడ ఖర్చవుతుందో చూడండి. వీధిలో తెగిన డ్రాప్ వైరును, అంటే స్తంభం నుంచి ఇంటికి దిగే తీగను, స్ప్లైసింగ్ మెషిన్‌తో కరిగించి అతికిస్తే నష్టం పదో వంతు డెసిబెల్. మెషిన్ వేరే ఏరియాలో ఉందని ఫాస్ట్ కనెక్టర్ బిగించి టేపు చుట్టేస్తే అర నుంచి ఒకటి. వానకు టేపులోకి నీరు చేరితే ఇంకా ఎక్కువ. ఏడాదిలో మూడుసార్లు తెగి మూడుసార్లూ ఇలాగే అతికితే మైనస్ 24 అయింది. ఆ పైన కిటికీ చట్రం మూలలో తీగను లంబకోణంలో మడిచి మేకు కొట్టారు, ఇంకో 3 పోయింది. మైనస్ 27. ఇక ఆ ఇంట్లో నెట్ వాతావరణ శాఖ చేతిలో ఉన్నట్టే. ‘రౌటర్ పాడైంది, మార్చాలి’ అని వసూలు చేసేది కూడా ఇలాంటి ఇళ్లలోనే. కొత్త పెట్టె పెడతారు, రెండు రోజులాగి మళ్లీ ఎర్రలైటు.

కనెక్టర్ల రంగు కూడా చూడాలి. ఆకుపచ్చ కనెక్టర్ మొన 8 డిగ్రీల వాలుగా కోసి ఉంటుంది, నీలిది చదును. చేతికి దొరికిన ప్యాచ్ కార్డ్ (రెండు చివరలా కనెక్టర్ ఉన్న పొట్టి ఫైబర్ తీగ) తెచ్చి ఆకుపచ్చ సాకెట్లో నీలిది గుచ్చితే రెండు గాజు మొనలూ తాకవు, మధ్యలో ఖాళీ. 3 డెసిబెల్స్‌కు పైనే అక్కడే హరించుకుపోతాయి. ఇంకొకటి దుమ్ము. వెలుతురు నడిచే గాజు మధ్యభాగం 9 మైక్రాన్లే, వెంట్రుక దానికంటే చాలా రెట్లు లావు. చొక్కా అంచుతో తుడిచి గుచ్చితే బట్ట నూగు చాలు, అడ్డం పడటానికి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని టిష్యూ ఉండాల్సిన సంచిలో అవి ఉండవు. (ఇంట్లోవాళ్లు ఆ కనెక్టర్ ఊడదీసి కంటి దగ్గర పెట్టుకుని వెలుతురొస్తోందా అని చూడకూడదు. ఆ లేజర్ కంటికి కనిపించదు, కన్నుకు మాత్రం మంచిది కాదు.)

ఈ రీడింగ్ వినియోగదారుకు కూడా కనిపిస్తుంది. ఫోన్‌ను ఇంటి వైఫైకి కలిపి బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టాలి. కొన్ని పెట్టెలకు చివరి అంకెలు వేరుగా ఉంటాయి, పెట్టె అడుగున స్టిక్కర్ మీద యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో పాటు అదీ రాసి ఉంటుంది. లోపల స్టేటస్ కింద పాన్ అనో ఆప్టికల్ అనో ఉన్నచోట ఆర్ఎక్స్ పవర్ అని చూపిస్తుంది. లైను కొత్తగా వేసిన రోజే దాన్ని ఫొటో తీసి పెట్టుకోవాలి. ఆరు నెలల తరవాత 4 తగ్గి కనిపిస్తే తప్పు ఎటువైపుందో ఎవరూ వాదించక్కర్లేదు. కొన్ని కంపెనీలు ఈ పేజీకి తాళం వేసి పెడుతున్నాయి. సెట్టింగులు మార్చకుండా తాళం వేస్తే అర్థముంది, చూడనివ్వకపోవడానికి ఏ కారణమూ లేదు.

కంపెనీల వైపు న్యాయమూ చెప్పాలి. ‘నెట్ స్లో’ అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి జబ్బు ఇంట్లోనే ఉంటుంది. ఓఎన్‌టీని అటక మీద, టీవీ వెనక, ఇనుప బీరువా పక్కన పెట్టి, రెండు స్లాబుల కింద ఫోన్ పట్టుకుని వంద ఎంబీపీఎస్ రాలేదంటే ఎలా వస్తుంది? 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానిమీద ఒకటి పడని చానెళ్లు 1, 6, 11 మూడే. అపార్ట్‌మెంట్‌లో ఇరవై రౌటర్లు ఆ మూడింటిలోనే తోసుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్ ఖాళీగానే ఉంటుంది కానీ గోడ దాటేసరికి నీరసిస్తుంది. ప్లాను వంద నుంచి మూడొందలకు పెంచుకుని, పెట్టె మాత్రం 2.4 ఒక్కటే ఉన్న పాత సింగిల్ బ్యాండ్‌దే ఉంచుకున్న ఇళ్లలో పెంచిన డబ్బు దండగ. అలాగే పాత రౌటర్‌కు ల్యాన్ పోర్టు వంద ఎంబీపీఎస్‌దే అయితే ఎంత ప్లాను వేసినా 94, 95 దగ్గర ఆగుతుంది. పోర్టు గిగాబిట్‌దే అయినా 95 దాటడం లేదంటే ల్యాన్ తీగ చివర క్రింపింగ్, అంటే ప్లగ్గులో సన్నతీగలు బిగించిన తీరు, చూడండి. ఎనిమిది తీగల్లో నాలుగే గుచ్చి వదిలేసి ఉంటారు. వరస ఇది: తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. నీలం, గోధుమ జతలు లేకపోయినా నెట్ వస్తుంది, వంద మించి రాదు.

అందుకే ఫిర్యాదు చేసే ముందు ల్యాప్‌టాప్‌ను తీగతో నేరుగా ఓఎన్‌టీకి కలిపి చూడాలి. ముందు 192.168.1.1కు పింగ్ కొట్టండి, అంటే జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూసే చిన్న కబురు పంపండి. తీగ మీద ఒక మిల్లీసెకనులో జవాబు రావాలి. వైఫై మీద అదే పింగ్ యాభై, వంద చూపిస్తే జబ్బు మీ హాల్లో ఉంది. తరవాత బయట ఉన్న గూగుల్ చిరునామా 8.8.8.8కు. ఇక్కడ వందలో నాలుగైదు జవాబులు రాకుండా పోతున్నాయంటే లైనులోనో కంపెనీలోనో లోపం. జవాబులన్నీ వస్తున్నా పేజీలు మాత్రం తెరుచుకోకపోతే పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ పడుకుంది. రౌటర్‌లో డీఎన్ఎస్ దగ్గర 1.1.1.1, 8.8.8.8 రాస్తే తేలిపోతుంది.

స్పీడ్ టెస్ట్‌ను మాత్రం అంతగా నమ్మకండి. ఊక్లా టెస్ట్ తనంతట తాను దగ్గరి సర్వర్‌ను ఎంచుకుంటుంది. చాలాసార్లు అది మీ కంపెనీ గదిలోనే ఉంటుంది. వీధి చివరిదాకా నడిచి హైదరాబాద్ వెళ్లొచ్చామన్నట్టు ఉంటుంది ఆ లెక్క. సర్వర్ మార్చి చెన్నైదో ముంబైదో పెట్టి, రాత్రి తొమ్మిదింటికి కొట్టి చూడండి. ఫాస్ట్ డాట్ కామ్ నెట్‌ఫ్లిక్స్ వాళ్లది, వాళ్ల సర్వర్ల నుంచే దించుతుంది కాబట్టి సినిమా ఎలా వస్తుందో అది చెబుతుంది. ఇంకో తికమక: వంద ఎంబీపీఎస్‌లోది బిట్లు, ఫైళ్ల సైజు బైట్లలో ఉంటుంది. ఎనిమిదితో భాగిస్తే సెకనుకు 12.5 మెగాబైట్లు. ఒక జీబీ ఫైలు 80 సెకన్లలో దిగితే మీకు రావాల్సింది మీకు వచ్చినట్టే.

గూగుల్‌లో వెతకబోతే ‘మీ నెట్‌వర్క్ నుంచి అసాధారణమైన ట్రాఫిక్ వస్తోంది’ అని అడ్డుకుని, బస్సులున్న గళ్లు నొక్కు, మెట్లున్న గళ్లు నొక్కు అని పరీక్ష పెట్టే చిరాకుకూ కారణం చాలాసార్లు లైనువైపే ఉంది. నెట్‌లో ఒక్కో లైనును గుర్తించే ఐపీ చిరునామాల్లో పాత తరహావాటి ఖజానా ప్రపంచస్థాయిలో 2011 ఫిబ్రవరిలో ఖాళీ అయింది, మన ఆసియా పసిఫిక్ వాటా అదే ఏడాది ఏప్రిల్‌లో అడుగంటింది. అందుకని కంపెనీలు వందల ఇళ్లను ఒకే చిరునామా వెనక నిలబెడుతున్నాయి. ఆ వందల్లో ఒక ఇంటి కంప్యూటర్‌కు వైరస్ పట్టినా బస్సులు వెతికే పని అందరికీ పడుతుంది. దుకాణంలో సీసీ కెమెరాను ఇంటి నుంచి చూడలేకపోవడానికీ ఇదే కారణం కావచ్చు. క్లౌడ్ ద్వారా నడిచే డీవీఆర్ అయితే ఇబ్బంది లేదు, పోర్ట్ ఫార్వర్డింగ్‌తో, అంటే బయటి నుంచి నేరుగా మీ చిరునామాకు వచ్చి చూసేవాటికే ఆటంకం. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (కంపెనీ మీ లైనుకు ఇచ్చిన చిరునామా) 100.64 నుంచి 100.127 లోపు మొదలైతే మీరూ ఆ గుంపులో ఉన్నట్టు. మీ ఒక్కరికే మారని చిరునామా ఇచ్చే స్టాటిక్ ఐపీకి అదనంగా అడుగుతారు. డబ్బు కట్టే ముందు కొత్త తరహా చిరునామా ఐపీవీ6 ఉచితంగా ఆన్ చేయమని అడగండి. గూగుల్, యూట్యూబ్ లాంటివి ఆ దారిన వెళ్లిపోతాయి, బస్సుల పరీక్ష తగ్గుతుంది.

వీడియో కాల్ రోజూ ఒకే వేళకు ముక్కలైతే ఇంట్లో ఎవరి ఫోన్ గూగుల్ ఫొటోస్‌కు బ్యాకప్ పంపుతోందో చూడండి. ఫోన్ వైఫై తగలగానే పెళ్లి వీడియోలన్నీ పైకి ఎక్కించడం మొదలుపెడుతుంది, అప్‌లోడ్ దారి నిండిపోతుంది. 2021 జూన్ 1 నుంచి ఆ ఫొటోలు కూడా ఉచిత 15 జీబీలోనే లెక్క కాబట్టి, దాన్ని ఆపుకుంటే జీమెయిల్ కూడా నిండకుండా ఉంటుంది.

కరెంటు పోతే నెట్ పోకూడదనుకునేవాళ్లు మినీ యూపీఎస్ కొనే ముందు ఓఎన్‌టీ అడాప్టర్ మీద వోల్టులు, ఆంప్‌లు చూసుకోవాలి. 12 వోల్టుల పెట్టెకు 9 వోల్టుల యూపీఎస్ పెడితే లైట్లు వెలుగుతాయి, నెట్ రాదు. 2,000 ఎంఏహెచ్ సెల్స్ మూడు ఉంటే 22 వాట్ అవర్లు. ఏడెనిమిది వాట్లు తినే పెట్టెకు రెండున్నర గంటలు. డబ్బా మీద ఎనిమిది గంటలని రాసి ఉన్నా నమ్మకండి. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా కరెంటుతో పాటే నెట్ పోతోందంటే మీది జీపాన్ లైను కాదేమో. వీధిలో ఎవరి ఇంటి మీటర్ నుంచో కరెంటు తీసుకున్న స్విచ్ డబ్బా మీదుగా వస్తోందేమో. జీపాన్ దారిలో ఉండే స్ప్లిటర్‌కు కరెంటే అక్కర్లేదు.

స్తంభాల సంగతి వేరే ఉత్తరమే రాయాలి. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపు రథానికి కరెంటు తగిలి ఐదుగురు చనిపోయాక, విద్యుత్ సిబ్బంది స్తంభాల మీది కేబుళ్లను కత్తిరించారు. చాలా కాలనీల్లో నెట్ ఆగింది, వ్యవహారం హైకోర్టుకు వెళ్లింది. ఫైబర్ గాజు కాబట్టి ప్రమాదం లేదన్న వాదన వినిపిస్తుంది. గాజుకు కరెంటు పారదు నిజమే, కానీ డ్రాప్ వైరుకు దన్నుగా పక్కనే నడిచే ఉక్కుతీగకు పారుతుంది. ఒక ఇల్లు కంపెనీ మారిన ప్రతిసారీ పాత తీగ స్తంభం మీదే వేలాడుతూ మిగిలిపోతుంది. కొత్త కనెక్షన్‌కు వచ్చిన మనిషి పాతదాన్ని విప్పి తీసుకెళ్లాలన్న నిబంధన ఒక్కటి అమలైతే ఈ వలలు సగానికి తగ్గుతాయి.

మళ్లీ టికెట్ దగ్గరికి వద్దాం. ఇన్ని గంటల్లో టికెట్ మూయకపోతే టెక్నీషియన్‌కు కోత పడుతుంది. కాంట్రాక్టు మనిషి, రోజుకు ఎన్నో ఇళ్లు తిరగాలి. అందుకని ఫోన్ చేసి ‘సార్, మీకొక ఓటీపీ వచ్చింది చూడండి, చెప్పేయండి, క్లోజ్ చేస్తా. పొద్దున్నే వచ్చి చూస్తా’ అంటాడు. మనం మొహమాటానికి చెప్పేస్తాం. ‘మీ ఫిర్యాదు విజయవంతంగా పరిష్కరించబడింది’ అని మెసేజి వస్తుంది. (పరిష్కరించబడింది! ఎవరు పరిష్కరించారో చెప్పనక్కర్లేని వాక్యం అది.) మర్నాడు కొత్త టికెట్ తెరుస్తారు. లెక్క మళ్లీ సున్నా గంట నుంచి మొదలు.

ఈ సున్నా విలువ చిన్నది కాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 ఆగస్టులో తెచ్చి అక్టోబరు 1 నుంచి అమల్లో పెట్టిన నాణ్యతా ప్రమాణాల ప్రకారం, ఫిక్స్‌డ్ లైను లోపం మూడు రోజుల్లో బాగుపడకపోతే వినియోగదారుకు పరిహారం ఇవ్వాలి. రెండో రోజు టికెట్ మూసి మూడో రోజు కొత్తది తెరిస్తే మూడు రోజులు ఎప్పటికీ పూర్తికావు. రీడింగ్ రాయడం తప్పనిసరైతే ఈ కిటుకు సాగదు. మైనస్ 27తో మూసిన టికెట్ మైనస్ 27తోనే మళ్లీ తెరుచుకుంటే అది పాత లోపమేనని లెక్కే చెబుతుంది. టెక్నీషియన్‌కూ మేలే. తప్పు మెయిన్ కేబుల్‌లో ఉంటే కోత అతని నెత్తిన పడదు.

అందాకా వినియోగదారు చేయగలిగింది కొంత ఉంది. లైను బాగుపడేదాకా ఓటీపీ చెప్పకండి. ఫిర్యాదుకు ఇచ్చే డాకెట్ నంబరు రాసుకోండి. బిల్లు మీద ఏ కంపెనీ పేరుందో చూడండి. కేబుల్ అతనికి నెలనెలా చేతికి డబ్బిచ్చి రసీదు తీసుకోని ఇళ్లకు ఏ నిబంధనా అక్కరకు రాదు. ఫిర్యాదు తేలకపోతే 30 రోజుల్లోపు ఆ కంపెనీలోనే పై అప్పీళ్లు వినే అప్పిలేట్ అథారిటీకి రాయవచ్చు. రుసుము లేదు, 39 రోజుల్లో తేల్చాలి. ట్రాయ్ విడి ఫిర్యాదులు తీసుకోదు కాబట్టి వాళ్లకు రాసి ఎదురుచూడకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. టెలికాం తగాదాలు తమ పరిధిలోకి రావని వినియోగదారుల కమిషన్లు తోసిపుచ్చే వీలు 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పుతో పోయింది. అయిదు లక్షల లోపు కేసుకు అక్కడా రుసుము లేదు.

ఎక్కడికి వెళ్లినా ఆర్ఎక్స్ పవర్ పేజీ ఫొటోలు రెండు, లైను బాగున్ననాటిది, పాడైననాటిది, తేదీలతో జత చేయండి. అవి లేకుండా వెళ్తే కంపెనీ తన వైపు నుంచి ఒకే కాగితం పెడుతుంది. దాని మీద ‘విజయవంతంగా పరిష్కరించబడింది’ అని ఉంటుంది.

— ఫైబర్ లైన్ల పనిలో ఉన్న పాఠకుడు, తెనాలి